మిరపకాయ ఎందుకు తెల్లబోయింది?

పల్నాడులో ఒక ఊరు. మాఘమాసం దాటింది. మిరప తోటల్లో కోతలు జోరుగా సాగుతున్నాయి. ఊరి బయట కల్లాల్లో ఎటు చూసినా ఎరుపే.

ఒక కల్లంలో అత్తా కోడలూ కూర్చుని కాయలు ఏరుతున్నారు. ఎర్ర కాయ ఒక పక్క వేస్తున్నారు. తెల్లగా పాలిపోయిన కాయ ఇంకో పక్క వేస్తున్నారు. ఈ తెల్ల కాయనే తాలు అంటారు. ఎర్ర కుప్పతో పాటు తాలు కుప్పా పెరుగుతోంది. అది చూసి అత్తకు దిగులు పట్టుకుంది.

"పోయిన ఏడు ఇంత తాలు లేదు. ఈ ఏడు ఏమొచ్చిందే ఈ కాయకి?" అంది అత్త.

"విత్తనం తేడా ఏమో అత్తయ్యా" అంది కోడలు.

"విత్తనం అదే. చేను అదే. వేసిన ఎరువూ అదే."

పక్క కల్లంలో ఉన్న పిన్ని ఈ మాట విన్నది. "ఎవరి దిష్టో తగిలింది. ఎర్రగా నిగనిగలాడుతుంటే కళ్లు పడవా మరి?" అంది.

కోడలు నవ్వింది. అత్త నవ్వలేదు. కౌలు కట్టాలి. మందుల కొట్టులో బాకీ ఉంది. కోత కూలి ఇవ్వాలి. ఈ లెక్కలన్నీ ఎర్ర కాయను నమ్ముకుని వేసుకున్నవే. తాలుకు యార్డులో చాలాసార్లు సగం ధర కూడా పలకదు.

తాలు కాయ కొరికి చూడండి. కారం ఇంకా ఉంటుంది. కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మరి ధర ఎందుకు పడిపోయింది? రంగు పోయింది కాబట్టి. కొనేవాడు ముందు కంటితో చూసి కొంటాడు.

ఆ రంగు ఎక్కడికి పోయింది? ఎవరు తీసుకుపోయారు?

రంగు ఒక పదార్థం

చాలామంది రంగు అంటే కాయ మీద పూసినట్టు ఉండేది అనుకుంటారు. అది నిజం కాదు. ఉప్పు ఒక పదార్థం. పంచదార ఒక పదార్థం. అలాగే రంగు కూడా ఒక పదార్థమే. కాయ దాన్ని తనలో తాను తయారు చేసుకుంటుంది.

ఎర్ర మిరపకాయకు ఎరుపునిచ్చే వాటిలో ముఖ్యమైనది కాప్సాంథిన్. పేరు కొంచెం కష్టం. విడదీసి చదవండి. కాప్ - సాం - థిన్. క్యారెట్ రంగుకు ఇది దగ్గరి చుట్టం. కారం పుట్టించే పదార్థం వేరే ఉంది. దాని పేరు కాప్సైసిన్. కాయ లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొర ఉంటుంది చూడండి, కారం ఎక్కువగా ఉండేది అక్కడే. రంగు ఉండేది తోలులో. అందుకే రంగు పోయిన కాయలో కూడా కారం మిగులుతుంది.

ఇప్పుడు రంగు ఎలా పోతుందో చూద్దాం. కాప్సాంథిన్ రేణువు పొడవాటి పూసల దండ లాంటిది. దండ పొడుగ్గా ఉన్నంత కాలం మన కంటికి ఎరుపు కనిపిస్తుంది. గాలిలో ఆక్సిజన్ ఉంటుంది. అది వచ్చి ఈ దండను నడుమ తెంపుతుంది. దండ తెగితే పూసలు ఎక్కడికీ పోవు. కానీ దండ ఉండదు కదా! ఇదీ అంతే. తెగిన ముక్కలకు ఎరుపు ఉండదు. వాటిని మళ్లీ అతికించడం ఎవరి వల్లా కాదు.

గాలి ఎప్పుడూ ఉంటుంది. కానీ గాలికి తోడు వేడి కలిస్తే దండ తొందరగా తెగుతుంది. వెలుగు కూడా తోడైతే ఇంకా తొందరగా తెగుతుంది. కల్లంలో మిట్టమధ్యాహ్నం ఈ మూడూ ఒక్కచోటే ఉంటాయి.

ఒక చిన్న లెక్క

వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి మార్పుల వేగం సుమారు రెండింతలు అవుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్క. ఒక్కో పదార్థానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. అయినా పనికొచ్చే లెక్కే. పలక తీసుకుని చేసి చూడండి.

ఒక బస్తా మిర్చి 8 డిగ్రీల చల్లటి గదిలో ఉంది. ఇంకో బస్తా 38 డిగ్రీల ఇంట్లో ఉంది. తేడా 30 డిగ్రీలు. అంటే మూడు పదులు. మొదటి పదికి వేగం 2 రెట్లు. రెండో పదికి 4 రెట్లు. మూడో పదికి 8 రెట్లు. చల్లటి గదిలో 8 నెలలకు పోయే రంగు, ఇంట్లో ఒక్క నెలకే పోతుంది.

గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు ఎందుకు వెలిశాయో ఇప్పుడు తెలిసిందా? మిర్చి పాలు కాదు, పెరుగు కాదు, రెండు రోజుల్లో పాడు కాదు. అయినా రైతులూ వ్యాపారులూ బాడుగ కట్టి మరీ లోపల పెడతారు. ధర వచ్చేదాకా ఆగాలంటే అప్పటిదాకా రంగు నిలబడాలి. మండు వేసవిలో కూడా ఆ గదులు సుమారు 5 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంటాయి. బయట నీడన కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లను అడగండి. లోపలి నుంచి టిక్కీ తెచ్చినప్పుడు కాయ ఎంత చల్లగా ఉంటుందో వాళ్ల చేతులకు తెలుసు.

కల్లంలో జరిగింది ఇదీ

అత్తా కోడలూ ఈ ఏడు ఏం చేశారో ఒకసారి గుర్తు చేసుకున్నారు.

మూడో కోతకు కూలీలు దొరకలేదు. దొరికిన రోజే మొత్తం కోయించారు. పండు కాయ, దోర కాయ అన్నీ కలిసిపోయాయి. కోసినవి కోసినట్టే తెచ్చి ఎండలో పోశారు. దోర కాయకు ఇంకా పూర్తి రంగు రాలేదు. ఒకటి రెండు రోజులు నీడలో కుప్ప పోసి ఉంచితే లోలోపలే పండి ఎర్రబడేది. ఎండలో పోయగానే పైనుంచి ఎండిపోయింది. రంగు తయారయ్యే పని అక్కడితో ఆగిపోయింది. అలా సగం తాలు తయారైంది.

"కుప్ప పోద్దామని నేనంటూనే ఉన్నాను అత్తయ్యా" అంది కోడలు.

"అన్నావులే. మబ్బు పట్టిందని మీ మామే తొందరపెట్టాడు" అంది అత్త.

ఆ మబ్బు ఊరికే పోలేదు. ఒక రాత్రి జల్లు పడింది. గబగబా పట్టాలు కప్పారు. మర్నాడు పొద్దెక్కినా పట్టా తీయలేదు. మళ్లీ వాన వస్తుందేమో అని భయం. పట్టా కింద తడి, పైన ఎండ. లోపల కాయ ఉడికినట్టయింది. కొంత కాయ నల్లబడింది. కొంత కాయకు బూజు పట్టింది. బూజు పట్టిన కాయలో అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. అది ఎండకు పోదు, వండినా పోదు. అలాంటి కాయను ఎర్ర కుప్పలోనూ కలపకూడదు, ఇంట్లో కారానికీ వాడకూడదు.

ఇంకొకటి కూడా జరిగింది. కల్లంలో చోటు చాలక కొన్ని కాయలు తారు రోడ్డు మీద పోశారు. మధ్యాహ్నం తారు మీద అరికాలు పెట్టలేం. కాయ మాత్రం అక్కడే పడి ఉంది. పైగా రెండు రోజులు తిరగేయలేదు. పైన ఉన్న కాయ వెలిసిపోయింది, అడుగున ఉన్న కాయ తడిగానే ఉంది.

"మరి ఎండబెట్టకుండా ఎట్లా? పచ్చి కాయ కుళ్లిపోదా?" అని పిన్ని అడిగింది. న్యాయమైన ప్రశ్న.

ఎండబెట్టాల్సిందే. తడి ఎక్కువ ఉంటే బూజు వస్తుంది. నూటికి పది, పదకొండు పాళ్ల తడి మిగిలేదాకా ఆరాలి. కానీ వేడి ఎంత అన్నది ఒక్కటే కాదు, ఎంతసేపు అన్నది కూడా చూడాలి. పదిహేను రోజులు ఎండలో, మంచులో నానుతూ ఎండుతూ ఉన్న కాయ ఎక్కువ రంగు పోగొట్టుకుంటుంది. అందుకే పలచగా పరవాలి. రోజుకు నాలుగైదుసార్లు కలబెట్టాలి. సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పాలి. పొద్దున మంచు ఆరగానే పట్టా తీసెయ్యాలి. మట్టి నేల మీద కాకుండా పట్టా మీదో సిమెంటు కల్లం మీదో పోయాలి.

మిర్చిని ఆరబెట్టే యంత్రాలు కూడా ఉన్నాయి. వాటిలో 50 నుంచి 60 డిగ్రీల వేడి గాలి వీస్తుంది. ఎండ తగలదు. వాన భయం లేదు. పని తొందరగా అయిపోతుంది. తొందరగా అవుతుంది కదా అని వేడి ఇంకా పెంచితే మాత్రం కాయ నల్లబడుతుంది. ఒక్క కుటుంబం కొనేంత చవక కాదు. సంఘంగా అయితే ఆలోచించవచ్చు.

మరీ పెళుసుగా ఎండబెట్టడం కూడా మంచిది కాదు. పిడికిట్లో నలిపితే పొడి అయ్యే కాయకు రంగు తొందరగా పోతుంది. బస్తాలో తొక్కేటప్పుడు విరిగిపోతుంది. అందుకని కొందరు నీళ్లు చల్లి తొక్కుతారు. తూకం కూడా పెరుగుతుందని ఆశ. ఆ నీళ్లే తర్వాత బూజుకు దారి.

కారం డబ్బా ఎక్కడ పెట్టాలి?

కల్లం లేని వాళ్లు కూడా కారం తింటారు. ఇక వంటింట్లోకి పోదాం.

కాయకన్నా పొడికి రంగు తొందరగా పోతుంది. కాయగా ఉన్నప్పుడు తోలు మీదే గాలి తగులుతుంది. పొడి చేస్తే ప్రతి రేణువుకూ గాలి తగులుతుంది. అందుకే ఏడాది కారం ఒకేసారి పట్టించకుండా, కాయ దాచుకుని రెండు మూడు నెలలకు ఒకసారి పట్టించుకుంటే మేలు. మరలో నుంచి వచ్చిన కారం ముట్టుకుని చూడండి. వెచ్చగా ఉంటుంది. ఆ వేడి మీదే డబ్బాలో పోసి మూత పెట్టకూడదు. నీడలో గుడ్డ మీద పరచి, పూర్తిగా చల్లారాక ఎత్తాలి.

చాలా ఇళ్లలో కారం డబ్బా పొయ్యి పక్కనే ఉంటుంది. చేతికి అందుబాటు అని. అక్కడ వేడి, ఆవిరి రెండూ తగులుతాయి. గాజు సీసా అయితే వెలుగు కూడా తగులుతుంది. వారానికి సరిపడా కారం పొయ్యి దగ్గర పెట్టుకోండి. మిగతాది స్టీలు డబ్బాలో, బిగుతు మూతతో, చీకటిగా చల్లగా ఉండే చోట పెట్టండి.

ఆవకాయలో నూనె ఎర్రగా పైకి తేలడం చూశారు కదా. ఈ రంగు నూనెలో కరుగుతుంది. నీటిలో కరగదు. నూనె పైన తేలి ఉన్నంత కాలం కింద ముక్కకు, పిండికి గాలి తక్కువ తగులుతుంది. నూనె తగ్గి పైకి తేలిన ముక్క ముందుగా నల్లబడుతుంది. పెద్దవాళ్లు జాడీలో నూనె మళ్లీ పోసేది ఇందుకే. అలాగే కాగుతున్న పోపులో కారం వేస్తే క్షణంలో మాడుతుంది. పొయ్యి మీద నుంచి దించి కారం వేసే ఇల్లాలికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

గోంగూర మాడినట్టు ఎందుకు ఉంటుంది?

ఆకు రంగు మిరప రంగు కంటే సుకుమారం. ఆకులోని ఆకుపచ్చ రంగును పత్రహరితం అంటారు. దాని నడుమ మెగ్నీషియం అనే లోహపు రేణువు ఒకటి ఉంటుంది. హారానికి పతకం లాగా. ఆకు ఉడికేటప్పుడు లోపలి గదులు చిట్లుతాయి. ఆకులో ఉన్న పులుపు బయటికి వస్తుంది. వేడికి పులుపు తోడై ఆ పతకాన్ని ఊడదీస్తుంది. పచ్చదనం పోయి ఎండుటాకు రంగు వస్తుంది.

గోంగూరలో, చుక్కకూరలో పులుపు ఎక్కువ. అందుకే పొయ్యి ఎక్కించిన కాసేపటికే రంగు మారతాయి. అది మాడటం కాదు, చెడిపోవడమూ కాదు. తోటకూరలో పులుపు తక్కువ, పచ్చదనం ఎక్కువసేపు ఉంటుంది. దాంట్లో కూడా చింతపండు ముందే వేస్తే రంగు మారుతుంది. పులుపు చివర్లో వేయండి. మొదటి కొద్ది నిమిషాలు మూత తీసి ఉంచితే పులుపులో కొంత భాగం ఆవిరితో పోతుంది.

వంట సోడా వేస్తే ఆకు పచ్చగా నిలుస్తుంది. పులుపును సోడా చంపుతుంది కాబట్టి. కానీ సోడా కొన్ని విటమిన్లను కూడా పాడు చేస్తుంది, ఆకును జావ చేస్తుంది. కంటికి పచ్చగా కనిపించడం కోసం ఒంటికి పనికొచ్చేది పోగొట్టుకోవడం ఎందుకు?

ఆకులో పచ్చరంగు కింద ఇంకో రంగు దాగి ఉంటుంది. పసుపూ నారింజా కలిసిన రంగు. అది బీటా కెరోటిన్. క్యారెట్‌లో ఉండేదీ ఇదే. ఒంట్లోకి పోయాక ఇది విటమిన్ ఎ గా మారుతుంది. పిల్లలకు రేచీకటి రాకుండా కాపాడుతుంది. ఈ రంగుల గుట్టు విప్పిన వాళ్లలో పాల్ కారర్ ఒకరు. ఆయన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త. 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. పేరు కూడా మన కారానికి దగ్గరగానే ఉంది!

కూర కొద్దిసేపు ఉడికితే బీటా కెరోటిన్ పెద్దగా పోదు. చెంచా నూనె వేస్తే ఒంటికి బాగా పడుతుంది. కానీ ఆకును ఎర్రటి ఎండలో ఎండబెడితే చాలా భాగం పోతుంది. మునగాకు పొడి, కరివేపాకు పొడి చేసే వాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. కడిగి, నీళ్లు ఓడ్చి, గాలి వీచే నీడలో పలచగా ఆరబెట్టాలి. పొడి పచ్చగా ఉంటే లోపలి మేలు కూడా నిలిచిందని ఒక గుర్తు. గడ్డి రంగుకు తిరిగిన పొడిని సంఘం పేరుతో అమ్మితే రెండోసారి ఎవరూ కొనరు.

పసుపు సంగతి వేరు

పసుపు కొమ్ములను తవ్విన తర్వాత సుమారు ముప్పావు గంట నుంచి గంట దాకా ఉడికిస్తారు. తర్వాత పది పదిహేను రోజులు ఎండబెడతారు. అంత ఉడికినా పసుపు పసుపుగానే ఉంటుంది. దుగ్గిరాల యార్డుకో నిజామాబాద్ యార్డుకో వెళితే కుప్పలు బంగారంలా కనిపిస్తాయి. పసుపులో రంగు కర్కుమిన్. దానికి వేడి అంటే అంత భయం లేదు. వెలుగు అంటే భయం. కొమ్ముకు బయట తోలు ఉంది, లోపలికి వెలుగు పోదు. పొడికి ఆ కాపు లేదు. తెల్ల చీర మీద పడ్డ పసుపు మరక సబ్బుకు పోదు, పైగా ఎర్రబడుతుంది. సున్నం తగిలితే పసుపు ఎర్రబడినట్టే ఇదీ. ఆ చీరనే ఉతికి రెండు రోజులు ఎండలో ఆరేయండి. మరక దానంతట అదే పోతుంది.

బీట్‌రూట్, ఎర్ర తోటకూర ఎరుపు నీటిలో కరిగేది. ఎక్కువసేపు ఉడికితే గోధుమ రంగుకు తిరుగుతుంది. కాస్త నిమ్మరసం పిండితే నిలబడుతుంది. వంకాయ ఊదా రంగు కూడా నీళ్లలో ఉడికితే పోతుంది. కాగిన నూనెలో వేయించిన గుత్తివంకాయకు కొంత నిలుస్తుంది.

దొంగ ఎరుపు

రంగుకే ధర అని తెలిసినప్పుడు మోసం కూడా అక్కడే పుడుతుంది. తాలు పొడి చేసి రంగు కలిపి అమ్మేవాళ్లు ఉన్నారు. 2003లో ఫ్రాన్స్ దేశంలో భారతదేశం నుంచి వెళ్లిన మిర్చి సరుకులో సూడాన్ 1 అనే రంగు దొరికింది. అది మైనానికి, పాలిష్‌లకు వాడే రంగు. తిండిలో వాడకూడదు. క్యాన్సర్ తెచ్చే ప్రమాదం ఉంది. ఆ ఏడాదే యూరప్ దేశాలు మిర్చి సరుకుకు పరీక్ష పత్రం ఉండాలని నియమం పెట్టాయి. 2005లో బ్రిటన్‌లో ఇదే రంగు వల్ల వందల రకాల తిండి సరుకులు దుకాణాల నుంచి వెనక్కి తీశారు. ఎక్కడో ఒకరు చేసిన పనికి నిజాయితీగా పండించిన రైతు సరుకు మీద కూడా అనుమానం పడింది.

కొన్న కారాన్ని ఇంట్లో పరీక్ష చేయవచ్చు. గాజు గ్లాసులో నీళ్లు పోయండి. పైన ఒక చెంచా కారం చల్లండి. కలపకండి. మిరప రంగు నీటిలో కరగదు అని చదివారు కదా. కాబట్టి ఎర్రటి చారలు కిందికి దిగితే అది కలిపిన రంగు. ఒక మాట. సూడాన్ కూడా నీటిలో కరగదు. నూనెలోనే కరుగుతుంది. అది ఈ పరీక్షకు దొరకదు. దానికి ప్రయోగశాలే కావాలి.

చేసి చూడండి

మంచి కారం మూడు చిన్న గాజు సీసాల్లో సమానంగా పోసి మూత పెట్టండి. ఒకటి ఎండ పడే కిటికీలో పెట్టండి. ఒకటి పొయ్యి దగ్గర పెట్టండి. ఒకటి నల్ల గుడ్డ చుట్టి చల్లటి మూలలో పెట్టండి. మూడింటికీ చీటీ అంటించండి. చీటీ మీద తేదీ, పెట్టిన చోటు, మీ పేరు మీ చేత్తో రాయండి.

నెల రోజుల తర్వాత మూడు సీసాల కారాన్ని తెల్ల కాగితం మీద పక్కపక్కన పోయండి. చదువుకునే చోట అందరికీ చూపించండి. ఏది ఎంత వెలిసిందో నోట్‌బుక్‌లో రాయండి. చూడటం అయ్యాక కిటికీలో పెట్టిన కారాన్ని పారేయకండి. రంగు పోయినా కారం ఉంటుంది, పులుసులోకి పనికొస్తుంది.